లేజరు కిరణముతో రైలు నమూనాలు

పసిపిల్లలు త్రాడుకట్టి లాగెడి రైలుబొమ్మను గూర్చి కాదు నేడు నేను ముచ్చటింపబోవునది. నిజమైన రైలుమార్గమును, దాని స్టేషనులను, వంతెనలను, సిగ్నళ్లను కొలత తప్పకుండ చిన్నవిగా చేసి బల్లమీద నిలుపు విద్య యొకటి కలదు. ఆ విద్యకు నేడు మిక్కిలి తోడ్పడుచున్న పరికరము లేజరుతో కోయు యంత్రము. దాని నెట్లు వాడవలయునో, ఎక్కడ నమ్మవచ్చునో, ఎక్కడ నమ్మరాదో నా యనుభవము ననుసరించి మనవి చేసెదను.

మా అనంతపురపు పీఠభూమికి రైలు పాతచుట్టము. మద్రాసునుండి బయలుదేరిన మార్గము గుత్తి, గుంతకల్లుల మీదుగా సాగి 1871లో రాయచూరువద్ద బొంబాయి మార్గముతో కలిసికొన్నది. అటుపై అయిదేండ్లకే, 1876లో, ధాతకరువు వచ్చిపడినది. తరువాతి కాలమున మీటరుగేజి పట్టాలును వచ్చి, గుంతకల్లు రెండు గేజీలు కలిసెడి పెద్ద కూడలి యైనది. 1980 దశకము మొదలుకొని ఆ మీటరుగేజి మార్గములు క్రమముగా బ్రాడ్‌గేజికి మారినవి. ఆవిరియింజనులు వెడలిపోయినవి. గుంతకల్లునకును ధర్మవరమునకును నడుమ మీటరుగేజి నాటి చిన్న స్టేషను నొకదానిని నమూనాగా నిలుపవలెనని నాకు కోరిక పుట్టినది.

మొదటి ప్రయత్నము వేగముగా ముగిసినది. గోడలు, తలుపులు, కిటికీలు కంప్యూటరులో గీసితిని. యంత్రము ఒక్క సాయంకాలములో వానిని వెండ్రుకవాసి తేడా లేకుండ కోసి యిచ్చినది. ఆ నమూనాను ఆవిరియింజనులు నడపిన యొక వృద్ధ డ్రైవరుగారికి చూపితిని. ఆయన కండ్లద్దములు సవరించుకొని చాలసేపు చూచి, "అంతా బాగుంది, నీళ్లేడ నాయనా?" అని యడిగినారు.

నాకు బదులు తోచలేదు. ఆవిరియింజను బొగ్గుతోపాటు నీటిని గూడ త్రాగి బ్రదుకును. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టనేలపై స్టేషనుకు నీరే ప్రాణము. బావి, పంపు, రాతికట్టుపై ఇనుపతొట్టి, ప్లాటుఫారము చివర ఇంజను టెండరులోనికి నీరు వదలెడి స్తంభము, వీనిలో ఒక్కటియు నా నమూనాలో లేదు. యంత్రము నేను గీసినదానినే కోసినది. నేను చూడనిదానిని అది కోయజాలదు గదా!

కావున మొదటి పని చూచుట, రెండవది కొలుచుట. లోకమున మిక్కిలి వ్యాప్తిలో నున్న నమూనాకొలత 87కు ఒకటి. మన బ్రాడ్‌గేజి పట్టాల నడుమ వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. దానిని 87చే భాగించిన 19.3 మిల్లీమీటర్లు వచ్చును. బజారున దొరకెడి పట్టాల వెడల్పు 16.5 మాత్రమే, ఏలయన అవి 1,435 మిల్లీమీటర్ల విదేశపు గేజికొరకు చేసినవి. అందువలన మన పెద్దబండి వానిపై సన్నకాళ్లతో నిలిచినట్లుండును. మీటరుగేజికి ఈ చిక్కు తక్కువ. 1,000ని 87చే భాగించిన 11.5 వచ్చును. 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరకును గనుక, ఆ అర మిల్లీమీటరు తేడా కంటి కానదు.

ఇక యంత్రము సంగతి. లేజరనగా ఒకే రంగుతో, ఒకే దిశగా, క్రమము తప్పక సాగెడి కాంతి. మొదటి లేజరును 1960లో థియొడోర్ మైమన్ అమెరికాలో వెలిగించినాడు. కట్టెను, అట్టను కోయుటకు మనము వాడునది బొగ్గుపులుసు వాయువుతో పనిచేయు లేజరు. దానిని 1964లో కనిపెట్టినవాడు మన మహారాష్ట్రమునందలి బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. దాని కిరణము కంటికి కనబడదు. కటకము దానిని సూదిమొనవంటి బిందువుగా కూర్చును. ఆ బిందువు తాకినచోట అట్టయో కట్టెయో ఆవిరియై పోవును.

ఇచ్చట నొక మెలకువ. రంపము పొట్టు రాల్చినట్లే కిరణమును తన దారిలోని పదార్థమును తినివేయును. ఆ దారి వెడల్పు నా యంత్రమున సుమారు 0.15 మిల్లీమీటరు. 10 మిల్లీమీటర్ల కిటికీ గీసినచో, రంధ్రము 10.15 అగును. లోనుండి ఊడిన ముక్క 9.85 అగును. ఒక మిల్లీమీటరు మందముగల పలకను బిగించుటకు గాడిని ఒక మిల్లీమీటరుగానే గీసినయెడల, ఆ పలక వదులై యూగులాడును. దానిని 0.85గా గీయవలయును. పదార్థము మారినప్పుడెల్ల చిన్నముక్కపై వేర్వేరు గాడులు కోసి సరిచూచుకొనుట మేలు.

ఈ సన్నపుదారి మనకు మేలును గూడ చేయును. ఇటుకల నడుమ సున్నపుకీలు సుమారు 10 మిల్లీమీటర్లుండునుగదా. 87వ వంతున అది 0.115 అగును. తక్కువ బలముతో, ఎక్కువ వేగముతో కిరణమును నడపిన, కోయక పైపైన గీతమాత్రము పడును. అదియే కీలు. అయినను గీతలన్నియు సమానముగా నుండిన గోడ అచ్చు వేసినట్లుండును. మన వడ్డెరలు ఏ రెండు రాళ్లను ఒక్కతీరున చెక్కలేదు. కావున రాతిగోడ గీతలను నేను చేతితోనే వంకరటింకరగా గీసి యంత్రమున కిచ్చుచున్నాను.

నీటితొట్టికి పొరలపద్ధతి తగును. నాలుగడుగుల చదరపు ఇనుపపలక ఈ కొలతలో 14 మిల్లీమీటర్లు. సన్ననియట్టపై మొదట వెనుకపొర, దానిపై అంచుల చట్రము, దానిపై మూలనుండి మూలకు పోవు ఉబ్బెత్తు పట్టీ కోసి అంటించిన తొట్టిగోడ యగును. ఇరువదియడుగుల రాతికట్టు 70 మిల్లీమీటర్లు. నీటిస్తంభపు గొట్టము గుండ్రనిది గనుక ఇత్తడిగొట్టమును చేతితో వంచవలయును. దాని చేతిచక్రము మాత్రము యంత్రపు పని. అంగుళపు చక్రపుకమ్మి కొలతకు 0.3 మిల్లీమీటరు కావలయును గాని, అట్టలో అంత సన్నము మాడిపోవును. అందుచే 0.4కు హెచ్చించితిని.

ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారి పని చూచిన పిదప నాకు మరియొక సంగతి తెలిసినది. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. వారు బొమ్మ నగలను వెలుగు దూరునట్లు రంధ్రములుగా తొలిచెదరు. రంధ్రమునకు రంధ్రమునకు నడుమ తోలు నిలువకున్న నగయంతయు ఊడిపడును. నేనును చిన్నముక్కల చుట్టు 0.3 మిల్లీమీటరు లంకెలు విడిచెదను. లేనిచో చక్రములు యంత్రపు జల్లెడబల్ల సందులలో జారిపోవును. పిమ్మట కత్తిమొనతో ఆ లంకెలను తెంపవచ్చును.

జాగ్రత్తలు కొన్ని చెప్పవలసియున్నది. కిరణము కనబడదు గనుక మూత తీసి యంత్రమును నడపరాదు. అట్ట మంటనంటుకొనవచ్చును గనుక ప్రక్కన మనిషి లేకుండ నడపరాదు. పొగ బయటికి పోవు గొట్టముండవలయును. పి.వి.సి. రెక్సిను, పి.వి.సి. రేకు ఎన్నడును కోయరాదు. వాని పొగనుండి పుట్టెడి ఆమ్లము ఊపిరితిత్తులను, యంత్రపు ఇనుమును గూడ తినివేయును.

చివరిమాట. లేజరుగొట్టము వేడెక్కకుండ దానిచుట్టు చల్లనినీరు నిరంతరము తిరుగుచుండవలయును. మా వేసవిలో, మిట్టమధ్యాహ్నమున, బకెట్టులోని నీరు కాగి యంత్రము నీరసించును. అందుచే ఆ ఋతువున తెల్లవారుజామున మాత్రమే పనిచేయుదును. వాడిన నీటినే మరల వాడుదును. ఇంజనువలెనే ఈ యంత్రమును నీటిపైననే నడచుచున్నది. తొట్టి, స్తంభము అమర్చిన నమూనాను మరల ఆ వృద్ధునికి చూపితిని. ఆయన స్తంభపు చేతిచక్రముపై వ్రేలు మోపి, దానిని త్రిప్పెడి దిక్కు నాకు చూపినారు. నేను దానిని తలక్రిందుగా అమర్చియుంటిని. ఆ రాత్రియే ఊడదీసి సరిచేసితిని.