పూతకు ముందు ఓ కునుకు

సిమ్లా నుంచి ఆపిల్ అంటు తెచ్చి గుంటూరులో నాటారనుకుందాం. నీడ, నీరు చూసుకుంటే కొన్నాళ్లు బతుకుతుంది, ఆకులూ వేస్తుంది. పూత మాత్రం సరిగా రాదు. ఎండకు తట్టుకోలేకపోయిందని అందరూ అంటారు. అది నిజమే, కానీ సగమే. ఆ చెట్టుకు ఇక్కడ కరువైనది చలికాలం.

ఆపిల్ పూమొగ్గ అంతకుముందు వేసవిలోనే తయారవుతుంది. చలి మొదలవగానే ఆకులు రాల్చేసి చెట్టు నిద్రలోకి జారుకుంటుంది. ఆ నిద్రకు ఒక లెక్క ఉంది: సుమారు 7 డిగ్రీల లోపు చలి ఎన్ని గంటలు పడిందన్నది. డెలీషియస్ రకాలకు దాదాపు వెయ్యి గంటలు, అంతకు పైనే కావాలి. ఈ పట్టుదల ఎందుకంటే, జనవరిలో నాలుగు రోజులు ఎండ కాసిందని తొందరపడి పూస్తే, ఆ తర్వాత పడే మంచుకు పూత మొత్తం మాడిపోతుంది. అందుకే లెక్క పూర్తయ్యేదాకా మొగ్గ విప్పదు. మన మైదానాల్లో ఆ లెక్క ఎప్పటికీ పూర్తి కాదు.

హిమాచల్‌లోనూ ఇప్పుడు కింది లోయల్లో చలి గంటలు తగ్గి, తోటలు కిన్నౌర్, లాహౌల్ వైపు పైకి ఎక్కుతున్నాయి. మరోవైపు కొద్దిపాటి చలితోనే పూసే హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 వంటి రకాలు వచ్చాయి. తెలంగాణలోని ఆసిఫాబాద్ జిల్లాలో ఆపిల్ కాసిందంటే అలాంటి రకాల వల్లే. వేడిలో కాసే పండుకు సిమ్లా పండు రంగు, కరకర వస్తాయని మాత్రం నేను ఆశించను.

మామిడి కథ వేరు. దానికి గడ్డకట్టే చలి పనికిరాదు, లేతచెట్లయితే చచ్చిపోతాయి. అలాగని విశ్రాంతి లేకుండా కూడా పూయదు. వానాకాలంలో వేసిన చిగురు ముదరాలి, వానలు ఆగి నేల ఆరాలి, రాత్రుళ్లు 15 డిగ్రీల దరిదాపుల్లోకి దిగాలి. అప్పుడు కొమ్మ చివర ఆకుకు బదులు పూత వస్తుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో అల్పపీడనం పట్టి తోట తడిసిందా, పూత రావలసిన కొమ్మ మళ్లీ చిగురేస్తుంది. పూత వచ్చాక కూడా మబ్బు, తేమ పట్టుకుంటే బూడిద తెగులు, తేనెమంచు పురుగు వదలవు. కాబట్టి మామిడికి మంచి ప్రాంతం అంటే వేడి ప్రాంతం అని చెప్పి ఊరుకోకూడదు. పూత వేళకు పొడిగా ఉండే వేడి ప్రాంతం. కుండపోత వానల కేరళలో కూడా పాలక్కాడ్ దగ్గరి ముతలమడ మామిడికి పేరుపొందింది. అది కాస్త పొడి నేల. మన బంగినపల్లి ఇంకా పిందె దశలో ఉండగానే అక్కడ కాయ కోస్తారు.

నల్లగొండ బత్తాయి, అనంతపురం చీనీ (రెండూ ఒకటే) బెట్టతో విశ్రాంతి తీసుకుంటాయి. రైతు కొన్ని వారాలు నీరు ఆపి చెట్టును వాడనిచ్చి, మళ్లీ తడి పెట్టగానే పూత విరగబడి వస్తుంది. నేల ఎప్పుడూ తడిగా ఉండే చోట ఈ పని కుదరదు. ఇంకో మాట: బత్తాయి పండినా పచ్చగానే ఉంటే అనుమానించనక్కర్లేదు. తొక్కలోని పచ్చదనం పోయి పసుపు తేలాలంటే చల్లటి రాత్రులు ఉండాలి. కొనేటప్పుడు రంగు చూసేకన్నా చేతిలో బరువు చూడటం మేలు.

కోనసీమ అరటి, కొబ్బరికి ఈ గొడవ లేదు. వేడి, నీరు ఉంటే ఏడాది పొడవునా గెలలు వేస్తూనే ఉంటాయి. చలి తగిలితేనే ఎదుగుదల ఆగుతుంది.

ద్రాక్షది మరీ విచిత్రం. ఐరోపాలో అది చలికి ఆకు రాల్చి పడుకుంటుంది. దక్కనులో చలి చాలదు గనుక తీగ ఏడాదంతా పచ్చగా పెరుగుతూనే ఉంటుంది. ఆ చలికాలం పనిని రైతు కత్తెర చేస్తుంది. వేసవి మొదట్లో ఒకసారి కత్తిరిస్తే కొత్త కొమ్మలు వచ్చి వాటి మొగ్గల్లో పూత సిద్ధమవుతుంది. అక్టోబరు ప్రాంతంలో మళ్లీ కత్తిరిస్తే గుత్తులు వస్తాయి. రెండు కత్తిరింపులకు ఒకటే పంట. ఆ పంట వానలేని ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ఎండలో తీపెక్కి చేతికొస్తుంది. ఐరోపా తోటల్లో అప్పటికి తీగలు ఇంకా మోడుగానో, లేచిగురుతోనో ఉంటాయి. నాసిక్ ద్రాక్ష ఆ నెలల్లోనే ఓడలెక్కి అక్కడికి వెళ్లడానికి కారణం ఇదే.