సూళ్లూరుపేటలో 130, బల్ల మీద ఎంత?

శ్రీహరికోటకు వెళ్లేవాళ్లు రైలు దిగేది సూళ్లూరుపేటలో. చెన్నై–గూడూరు మధ్య దాదాపు 134 కిలోమీటర్ల ఈ మార్గంలో గరిష్ఠ వేగాన్ని 2022లో గంటకు 110 నుంచి 130 కిలోమీటర్లకు పెంచారు. ఇదే లైన్‌ను ఎవరైనా ఇంట్లో బల్ల మీద నమూనాగా వేసుకున్నారనుకుందాం. ఎక్కువగా దొరికేది హెచ్‌ఓ స్కేల్, అంటే అసలులో 87వ వంతు. 24 మీటర్ల ఎల్‌హెచ్‌బీ బోగీ 27.6 సెంటీమీటర్లకు వస్తుంది. మరి వేగం?

130 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 36.1 మీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 41.5 సెంటీమీటర్లు. సెకనుకు అంతే. మొదటిసారి ఈ లెక్క వేసినవాళ్లు ఇంత నెమ్మదా అని ఆశ్చర్యపోతారు. దుకాణం నుంచి తెచ్చి పూర్తి కరెంటు ఇచ్చిన బొమ్మరైలు నాలుగు మీటర్ల గదిని నాలుగు సెకన్లలో దాటేస్తే పిల్లలకు సంబరమే. కానీ సెకనుకు మీటరు అంటే ఆ స్కేల్‌లో గంటకు 313 కిలోమీటర్లు. మన దేశంలో ప్రయాణికులను ఎక్కించుకుని ఏ రైలూ ఇప్పటికి 160 దాటి నడవడం లేదు.

టేపు పట్టకుండా వేగం చూసే ఉపాయం ఒకటుంది. స్కేల్‌లో దూరం తగ్గింది కానీ కాలం తగ్గలేదు. గోడ గడియారం సూళ్లూరుపేటకూ మన బల్లకూ ఒకటే. కాబట్టి ఒక బోగీ ఒక స్తంభాన్ని దాటడానికి అసలు రైలుకు ఎంత సమయం పడుతుందో, నమూనాకూ అంతే పట్టాలి. ప్లాట్‌ఫాం మీద ఒక కరెంటు స్తంభానికి ఎదురుగా నిలబడి, ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్‌లో పది ఎల్‌హెచ్‌బీ బోగీలు దాటే సమయాన్ని ఫోన్‌లో స్టాప్‌వాచ్‌తో చూడండి. 864ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వచ్చేస్తుంది. పది బోగీలు 240 మీటర్లు, దాన్ని 3.6తో హెచ్చిస్తే 864. ఆ సంఖ్య అలా వచ్చిందే. 6.6 సెకన్లు పడితే 130, 7.9 పడితే 110, 28.8 పడితే 30. ఇంటికొచ్చి బల్ల మీద స్తంభం దగ్గర ఇదే లెక్క వేసుకోవచ్చు. ఐదు బోగీలే ఉంటే 864 బదులు 432 తీసుకోవాలి. 160వ వంతుండే ఎన్ స్కేల్‌లో సెకనుకు సెంటీమీటర్లు మారతాయి కానీ ఈ సెకన్లు మారవు. నాకు ఈ పద్ధతి ఇష్టం, ఎందుకంటే ఇందులో కొలత అసలు రైలు దగ్గరి నుంచే వస్తుంది.

చక్రాలదీ ఇదే కథ. డబ్ల్యూఏపీ-7 ఇంజన్ చక్రం వ్యాసం 1,092 మిల్లీమీటర్లు. 130 వేగంలో అది సెకనుకు పదిన్నర చుట్లు తిరుగుతుంది. నమూనా చక్రం 12.5 మిల్లీమీటర్లే అయినా, వేగం సరిగ్గా ఉంటే అదీ పదిన్నర చుట్లే తిరుగుతుంది.

ఇంతవరకూ లెక్క సాఫీగానే ఉంది. చిక్కు గదితో వస్తుంది. 22 బోగీల రైలు, ఇంజన్‌తో కలిపి, దాదాపు 548 మీటర్లు. హెచ్‌ఓలో 6.3 మీటర్లు, అంటే గదికన్నా రైలే పొడవు. ఇక ఆపడం చూడండి. బ్రేకు వేశాక ప్రతి సెకనుకూ వేగం సెకనుకు అర మీటరు చొప్పున తగ్గుతుందనుకుంటే, 130లో ఉన్న బండి ఆగడానికి 72 సెకన్లు, 1,300 మీటర్లు కావాలి. బల్ల మీద 15 మీటర్లు. ఎవరింట్లో ఉంది అంత చోటు? మలుపులు ఇంకా కష్టం. బ్రాడ్‌గేజ్‌లో ఎంత గట్టి మలుపైనా వ్యాసార్ధం మామూలుగా 175 మీటర్లకు తగ్గదు. హెచ్‌ఓలో అది రెండు మీటర్లు. రైలు సెట్టుతో వచ్చే మలుపు 36 సెంటీమీటర్లు, అంటే అసలులో 31 మీటర్లు. అక్కడ 130 వేగంతో తిరిగే ప్రయాణికుడి మీద పక్కకు పడే తోపు గురుత్వాకర్షణకు నాలుగు రెట్లు దాటుతుంది. అమెరికా స్పేస్ షటిల్‌లో పైకి వెళ్లే వ్యోమగాముల మీద కూడా మూడు రెట్లు దాటనిచ్చేవారు కాదు. నమూనా మాత్రం పట్టాలు తప్పదు. భూమి ఆకర్షణ 87వ వంతుకు తగ్గదు కాబట్టి, చిన్న బండి ఆ మలుపును తేలిగ్గానే దాటేస్తుంది. పడిపోలేదు కదా అని మనం అలాగే తిప్పుతూ ఉంటాం.

అందుకే, చోటు తక్కువున్నవాళ్లు మెయిన్ లైన్ వేగాన్ని వదిలేసి స్టేషన్‌ను ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. పాయింట్లు దాటి లూప్‌లైన్‌లోకి వచ్చే బండికి మన రైల్వేల్లో చాలాచోట్ల పరిమితి 30 కిలోమీటర్లు, కొన్నిచోట్ల 15. 30 అంటే బల్ల మీద సెకనుకు 9.6 సెంటీమీటర్లు. నాలుగు మీటర్లు దాటడానికి 42 సెకన్లు. అదే బ్రేకు లెక్కతో 17 సెకన్లలో, 80 సెంటీమీటర్లలో ఆగిపోతుంది. ఇవన్నీ మామూలు గదిలో, ఒక్క అంకె మార్చకుండా, ఉన్నదున్నట్టు చేసి చూపించగలిగేవి.

డీసీసీ డీకోడర్ (డిజిటల్ సంకేతాలతో వేగాన్ని నియంత్రించే చిప్) ఉన్న ఇంజన్ అయితే ముందు దానిలో గరిష్ఠ వేగాన్ని నిర్ణయించే అమరిక సీవీ-5ను సర్దాలి. ఐదు బోగీలు స్తంభాన్ని 3.3 సెకన్లలో దాటేలా చేస్తే 130 దగ్గర కట్టడి అయినట్టే. తరువాత బండి ఎంత మెల్లగా ఆగాలో నిర్ణయించే సీవీ-4. నమూనా రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ ప్రమాణంలో ఆ విలువను 0.896తో హెచ్చిస్తే, పూర్తి వేగం నుంచి ఆగడానికి పట్టే సెకన్లు వస్తాయి. 80 పెడితే 72 సెకన్లు. అదే అమరికతో 30 నుంచి ఆగడానికి సుమారు 17 సెకన్లు, పైన వేసుకున్న లెక్కకు సరిగ్గా సరిపోతుంది. డ్రైవర్‌లాగే ముందుగా బ్రేకు వేయడం అలవాటు చేసుకోవాలి, కొన్నాళ్లు ప్లాట్‌ఫాం దాటిపోతూనే ఉంటుంది.

ఇక మొదట్లో చెప్పిన శ్రీహరికోట. పట్టాల మీద ఇంకా నెమ్మదిగా కదిలేది అక్కడ ఉంది. అక్కడి రెండో లాంచ్‌ప్యాడ్ నుంచి తొలి ప్రయోగం 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6తో జరిగింది. రాకెట్‌ను వెహికల్ అసెంబ్లీ బిల్డింగ్‌లో నిలువుగా బిగించి, మొబైల్ లాంచ్ పెడెస్టల్ అనే కదిలే వేదిక మీద, పట్టాల వెంట, సుమారు కిలోమీటరు దూరంలోని అంబిలికల్ టవర్ దగ్గరకు తీసుకెళ్తారు. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 కూడా పట్టాల మీదే లాంచ్‌ప్యాడ్ చేరింది. ఎత్తు 43.5 మీటర్లు. పక్కనున్న రెండు బూస్టర్లలో ఒక్కోదానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం. ద్రవ ఇంధనాలు టవర్ దగ్గరే నింపుతారు. అలాంటిది నిలువునా కదులుతుంటే కుదుపు పనికిరాదు, అందుకే మనిషి నడకకన్నా చాలా నెమ్మదిగా తీసుకెళ్తారు. అమెరికాలో సాటర్న్-5 రాకెట్‌ను మోసిన క్రాలర్ వాహనానికి కూడా బరువుతో గరిష్ఠ వేగం గంటకు 1.6 కిలోమీటర్లే.

హెచ్‌ఓలో ఎల్‌వీఎం3 సరిగ్గా 50 సెంటీమీటర్లు, కిలోమీటరు మార్గం 11.5 మీటర్లు. వరండా వెంట వేయొచ్చు. గంటకు కిలోమీటరు చొప్పున నడిపిద్దామనుకుంటే సెకనుకు 3.2 మిల్లీమీటర్లు. మామూలు నమూనా ఇంజన్ మోటారు ఈ వేగంలో తిరగలేక జెర్కులిస్తుంది. 10 మిల్లీమీటర్ల చక్రం నిమిషానికి ఆరు చుట్లు తిరిగితే చాలు, అంటే 3,000 చుట్ల మోటారుకు 500 రెట్లు తగ్గించే గేర్లు కావాలి. రోబోటిక్స్ సామగ్రి అమ్మేచోట దొరికే చిన్న గేర్ మోటార్లలో 10 ఆర్‌పీఎం రకాన్ని తక్కువ వోల్టేజీలో నడిపితే పని జరుగుతుంది. సరి చూసుకోవడానికి పట్టాల పక్కన 19 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీయండి. వేదిక ఒక గీత నుంచి రెండో గీతకు చేరడానికి ఒక నిమిషం పట్టాలి.