పాత కారు కొన్నారా? ఘాట్ ఎక్కే ముందే జబ్బు కనిపెట్టండి

ఖమ్మం: మిర్చి అమ్మిన డబ్బు చేతిలో పడగానే పాత కారు మీదికి మనసు పోయే కుటుంబాలు పల్లెల్లో తక్కువేమీ కాదు. పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకుపోవాలన్నా, శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లాలన్నా ఒకరి బండి కోసం ఎదురుచూసే పని ఉండదు. అయితే అమ్మినవాడు చెప్పని జబ్బులు మొదటి నెలలోనే ఒక్కొక్కటిగా బయటపడతాయి. పట్నంలో అయితే ఫోను చేస్తే మెకానిక్కు వస్తాడు. చర్ల దారిలోనో, చింతూరు దాటాక మారేడుమిల్లి ఘాట్‌లోనో బండి మొరాయిస్తే అడవిలో పలికేవారుండరు. చాలాచోట్ల సెల్‌ఫోనుకు సిగ్నలూ అందదు.

కారు పూర్తిగా ఆగిపోయే ముందు సాధారణంగా ఏదో ఒక గుర్తు చూపుతుంది. ఆ గుర్తు తెలిసినవారికి చాలా మరమ్మతులు కొద్ది ఖర్చుతో తేలిపోతాయి. తెలియనివారు బాగున్న సామాను కూడా మార్పించుకుని నష్టపోతారు.

పొద్దున్నే స్టార్టు కాకపోతే

తాళం తిప్పగానే ‘టిక్ టిక్’మని ఆగిపోతే ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడాలి. వాటిపై తెల్లగానో, పచ్చగానో పొడి పేరుకుంటే కరెంటు సరిగా అందదు. మొదట మైనస్, ఆ తరువాత ప్లస్ విప్పి, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి బ్రష్షుతో కడగాలి. తుడిచి ఆరాక ముందు ప్లస్ బిగించి, చివర మైనస్ బిగించాలి. పైన కాస్త వాజిలైన్ పూస్తే పొడి త్వరగా పట్టదు.

ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీలో సుమారు 12.6 ఓల్టులుంటాయి. ఇంజను నడుస్తున్నప్పుడు మీటరు 14 ఓల్టుల దరిదాపుకు రావాలి. రాకపోతే తప్పు చాలావరకు ఆల్టర్నేటరుదో, దాని బెల్టుదో అయి ఉంటుంది. ఇది చూసుకోకుండా కొత్త బ్యాటరీ వేయిస్తే అదీ నాలుగు రోజుల్లో చతికిలబడుతుంది.

స్టార్టరు చక్కగా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే పెట్రోలు ఫిల్టరు, పంపు, ప్లగ్గులు వరుసగా చూపించాలి. డీజిల్ బండికైతే ఫిల్టరులో నీరు చేరిందేమో, పైపులోకి గాలి పోయిందేమో చూడాలి. పొలాల పక్క ఇళ్లలో మరో బెడద ఎలుకలు. వెచ్చదనానికి బానెట్ కింద దూరి వైర్లు కొరికేస్తాయి. కొరికిన వైరు ఒక్కటి దొరికితే పెద్ద మరమ్మతు తప్పినట్లే.

వేడెక్కితే నడపరాదు

మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల్లో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. వేడి ముల్లు ఎర్ర గీత దిశగా పోతుంటే వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపాలి. రేడియేటరు మూత వేడి మీద తీస్తే సలసల కాగే నీళ్లు మొహానికి కొడతాయి. అరగంటకు పైగా చల్లారనిచ్చి, మందపాటి గుడ్డ వేసి తీయాలి. గొట్టాలు కారుతున్నాయా, ఫ్యాన్ తిరుగుతోందా, రేడియేటరు జల్లెడకు మట్టి పట్టిందా అన్నవి చూడాలి. బోరునీళ్లు పోస్తే లోపల గార కడుతుంది. అత్యవసరానికి పోసినా, ఊరు చేరాక కంపెనీ చెప్పిన కూలెంట్ నింపించాలి.

ఆయిల్ పుల్ల తీసి చూస్తే పాలు కలిసిన కాఫీ రంగు కనిపిస్తే ఇంజను ఆయిల్‌లో నీరు కలిసిందని అర్థం. ఆ బండి ఇక కదపకూడదు. పొగ కూడా కబురు చెబుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. పెట్రోలు బండికి నల్ల పొగ వస్తే ఇంధనం ఎక్కువవుతోంది, లేదా ఎయిర్ ఫిల్టరు పూడింది. ఇంజను వేడెక్కాక కూడా తెల్ల పొగ దట్టంగా ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోందేమో చూపించాలి.

బ్రేకు, టైరు

బ్రేకు పెడల్ మెల్లగా కిందికి దిగిపోతే ఆయిల్ కారుతోందన్న అనుమానంతో బండి అక్కడే ఆపాలి. మెత్తగా స్పాంజిలా ఉంటే గాలి చేరి ఉండవచ్చు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఘాట్ దిగేటప్పుడు ఆ తేమ మరిగి ఆవిరై పెడల్ పనిచేయదు. కాబట్టి అమ్మినవాడి మాట నమ్మకుండా కొనగానే ఆయిల్ మార్పించడం మేలు. దిగువకు పోయేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టకుండా తక్కువ గేరులో దిగాలి.

టైరు పక్కన ‘2319’ అని నాలుగంకెలు ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని గుర్తు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాల్సిందే. ఒక పక్కే అరిగితే వీల్ అలైన్‌మెంటు చూపించాలి.

వరదలో మునిగిన బండేమో

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీల్ని ముంచింది. అదే రోజుల్లో విజయవాడలోనూ ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన బండిని కడిగి, మెరుగుపెట్టి అమ్మే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. సీటు బెల్టును చివరిదాకా లాగితే ఒండ్రు మరక బయటపడుతుంది. సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంతలో మట్టి, హెడ్‌లైటు లోపల చెమ్మ, ముక్కవాసన గుర్తులు. అలాంటి కారులో తీగల జబ్బులు ఏళ్ల తరబడి తేలుతూనే ఉంటాయి.

కాగితాలూ ముఖ్యమే

కొన్న 30 రోజుల్లో ఆర్‌సీ పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. అప్పు తీరిందన్న బ్యాంకు కాగితం, పాత చలాన్ల సంగతి ముందే చూడాలి. చింతూరు, కూనవరం 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌వి. అక్కడి రిజిస్ట్రేషను కారు కొంటే నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడి పన్ను సంగతి రవాణా కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. పేరు మారకుండా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కాబట్టి అమ్మినవారూ అశ్రద్ధ చేయరాదు. బీమా కూడా కొన్నవారి పేరుకు మార్పించుకోవాలి.

కారు ఇంటికి వచ్చిన వారంలో ఇంజను ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ మార్పించి, మొదటి నెల దగ్గరి ఊళ్లకే తిప్పాలి. అడవి దారి పట్టేనాటికి గాలి నిండిన స్టెప్నీ, జాకీ, పానాలు, టార్చి, జంపర్ కేబుల్, 5 లీటర్ల నీళ్లు డిక్కీలో ఉండాలి.