మీకు తెలుసా? పేగులోకి పేగే దూరవచ్చు

పేగులో ఒక భాగం పక్క భాగంలోకి చొచ్చుకుపోవడాన్ని వైద్యులు ఇంటససెప్షన్ అంటారు. ఇది ప్రధానంగా పసిపిల్లల జబ్బు. మొత్తం కేసుల్లో పెద్దవాళ్లవి సుమారు 5 శాతమే. పిల్లల్లో చాలాసార్లు స్పష్టమైన కారణం దొరకదు. పెద్దల్లో మాత్రం ఎక్కువగా పేగు లోపల ఒక గడ్డ ఉంటుంది. పేగు కదలికలు ఆహారాన్ని నెట్టినట్టే దాన్నీ ముందుకు నెడతాయి. అది తాను అంటుకున్న గోడను కూడా వెంట లాక్కుపోతుంది.

ఆ గడ్డ ప్రతిసారీ క్యాన్సరే కానక్కర్లేదు. చిన్నపేగులో అది లైపోమా, అంటే కొవ్వుగడ్డ కావచ్చు. ఇంకా అరుదైనది ఇన్‌ఫ్లమేటరీ ఫైబ్రాయిడ్ పాలిప్. 1949లో వానెక్ అనే పరిశోధకుడు దీన్ని జీర్ణాశయంలో గుర్తించి వర్ణించారు. వాపు వల్ల పుడుతుందని చాలాకాలం అనుకున్నారు. 2008లో పీడీజీఎఫ్‌ఆర్‌ఏ జన్యువులో మార్పులు బయటపడ్డాక ఇది నిజమైన కణితేనని, అయినా ప్రమాదకారి కాదని తేలింది. జీర్ణాశయంలో ఉంటే ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు. చిన్నపేగు చివరి భాగంలో పెరిగితే దారినే మూసేయగలదు.

అసలు చిక్కంతా లక్షణాలతోనే. నొప్పి వస్తూ పోతూ వారాల తరబడి సాగవచ్చు, గ్యాస్ నొప్పిలాగే అనిపించవచ్చు. సీటీ స్కాన్‌లో మాత్రం ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు కనిపిస్తాయి. పెద్దల్లో సాధారణంగా ఆపరేషన్ చేసి ఆ పేగు ముక్కను తీసేస్తారు. గడ్డ ఏ రకమో పాథాలజీ పరీక్షలో తేలుతుంది. అది ఇన్‌ఫ్లమేటరీ ఫైబ్రాయిడ్ పాలిప్ అయితే, పూర్తిగా తీసేశాక తిరిగి రావడం అరుదు.

కడుపు ఉబ్బి, వాంతులు ఆగక, గ్యాస్ కూడా బయటికి పోకపోతే ఇంట్లో ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.