చివరి ఇంటర్వ్యూలో ఉద్యోగం చేజారినప్పుడు

నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని, గుండె దడగా ఉందని యువతీ యువకులు మా ఓ.పి.కి వస్తుంటారు. పరీక్షలన్నీ మామూలుగానే ఉంటాయి. మందుల చీటీ రాస్తుండగా వెంట వచ్చిన తల్లి మెల్లగా అంటుంది, "ఆఖరి ఇంటర్వ్యూ దాకా వెళ్లాడు డాక్టరమ్మగారూ, రాలేదు." బాధ మొదలైంది అక్కడేనని అప్పుడు మాకు తెలుస్తుంది.

మొదటి పరీక్షలోనే తప్పితే అంత దెబ్బ తగలదు. చివరి మెట్టు దాకా వెళ్లేసరికి ఇంట్లో అందరూ ఆ జీతాన్ని లెక్కలో వేసేసుకుంటారు. అప్పు తీరుతుందని తండ్రి, చెల్లి పెళ్లి చేయవచ్చని తల్లి అనుకుంటారు. చేజారింది ఉద్యోగం ఒక్కటే కాదు గనుక బాధ కూడా పెద్దదే. త్రోసివేయబడ్డామన్న భావన కలిగినప్పుడు, శరీరానికి నొప్పి కలిగితే పనిచేసే మెదడు భాగాల్లో కొన్ని పనిచేస్తాయని 2003లో అమెరికా పరిశోధకులు చూపారు. కాబట్టి "ఇంతదానికే ఏడుస్తావా?" అనకండి.

ఇది తెలివితక్కువతనానికి గుర్తు కాదు. సివిల్స్ ఇంటర్వ్యూకు ఖాళీలకు సుమారు రెట్టింపు మందిని పిలుస్తారు. అంటే రాతపరీక్ష నెగ్గినవారిలోనే దాదాపు సగం మంది వెనుదిరగక తప్పదు. మొత్తం 2025 మార్కుల్లో ఇంటర్వ్యూవి 275. సైన్యంలో అధికారుల ఎంపిక ఐదు రోజులు సాగుతుంది. చివరి రోజున ఎంపికైనవారి నంబర్లు చదువుతారు, మిగిలినవారు తిరుగు రైలు ఎక్కుతారు. కోరుకొండ సైనిక్ స్కూలు ఉన్న మన విజయనగరం వారికి ఈ సంగతి కొత్త కాదు. అబ్దుల్ కలాంగారు డెహ్రాడూన్‌లో వాయుసేన ఎంపికకు వెళ్లినప్పుడు 25 మందిలో తొమ్మిదవవారుగా నిలిచారు. తీసుకున్నది ఎనిమిది మందిని. మన పలాస మండలం పారసాంబకు చెందిన ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో దేశంలో మూడవ ర్యాంకు సాధించారు. దానికి ముందు ఆయన ప్రయత్నాలు ఫలించలేదు. అందరికీ అలా జరుగుతుందని మేము చెప్పం. వయోపరిమితి దాటిపోయినవారికి ఆ దారి నిజంగానే మూసుకుపోతుంది. వారికి మళ్లీ రాయమని ధైర్యం చెప్పడం కన్నా ఏ పని చేయగలరో కూర్చొని మాట్లాడడం మేలు.

ఫలితం తెలిసిన రెండు మూడు రోజులు పెద్ద నిర్ణయాలేవీ వద్దు. ఏడుపు వస్తే ఏడవనివ్వండి. గంజైనా సరే వేళకు తాగించండి. తరువాత నుండి ఉదయం ఒకే వేళకు లేవడం, కాసేపు నడవడం మొదలుపెట్టాలి. మళ్లీ ప్రయత్నించేవారు ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలను మరచిపోకముందే కాగితం మీద రాసుకుంటే పనికివస్తాయి. తలనొప్పికని మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని రోజూ మింగవద్దు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంత ఉందో చూస్తున్నాం, ఆ బిళ్లలు మూత్రపిండాలకు చేటు. నిద్ర కోసం మద్యం ముట్టుకోవద్దు. ఈ సమయంలోనే "డబ్బిస్తే వేయిస్తాం" అంటూ దళారులు కూడా వస్తారు, జాగ్రత్త.

బంధువులకు, సంఘస్థులకు ఒక మాట. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద నిలబెట్టి "ఏమయింది బాబూ?" అని నలుగురూ నాలుగుసార్లు అడిగితే, ఆ బిడ్డ మరుసటి వారం గుడికే రాడు. "దేవుని చిత్తం" అనే మాట కూడా మొదటి రోజే చెప్పవలసినది కాదు. పక్కన కూర్చోండి, చాలు.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోనే ఉండిపోతుంటే, "నేను ఉండి ఏం లాభం" అంటుంటే వైద్యులకు చూపించండి. చివరి మాట వింటే రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే తీసుకురండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటికి వస్తుంది. ఒంటరిగా విడిచిపెట్టకండి. పొలానికి కొట్టే పురుగుమందు ఇంట్లో ఉంటే ఆ పూటే వేరేచోటికి చేర్చండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు.