దేహానికీ గడువు కావాలి
ఉద్యోగ పరుగుకు సిద్ధమయ్యే యువతకు, వారి తల్లిదండ్రులకు

పోలీసు నియామక ప్రకటన గానీ, సైనిక ర్యాలీ కబురు గానీ వెలువడితే చాలు, బీదర్ జిల్లా బగ్దల్ వంటి సరిహద్దు గ్రామాల్లో తెల్లవారక ముందే యువకులు రహదారి పట్టి పరుగు ప్రారంభిస్తారు. కర్ణాటక కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులకు 1600 మీటర్ల పరుగు ఉంటుంది. పొరుగునున్న తెలంగాణలో 2022 నాటి నియామకాల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయవలసి వచ్చింది. అంతవరకు పరుగు ఎరుగని యువకుడు ఆత్రంతో తొలిరోజే ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతాడు. మూడవ రోజుకు పిక్కలు పట్టేస్తాయి. పంతానికి పోయి కొనసాగిస్తే కొన్ని వారాల్లో మోకాలి కింది ఎముక నొప్పి మొదలై, పరీక్ష నాటికి కుంటుతూ ఇంట్లో కూర్చోవలసి వస్తుంది. లోపం అతని పట్టుదలలో లేదు. శరీరం ఎంత కాలంలో మారుతుందో తెలియకపోవడమే అసలు లోపం.

పరుగు మొదలైన క్షణం నుంచి

విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకొని, దాదాపు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. వేగంగా పరుగెత్తే యువకుని గుండె అదే నిమిషంలో 20 లీటర్ల వరకు పంపగలదు. జీర్ణకోశం వైపు వెళ్లే రక్తం తగ్గి, అధిక భాగం పనిచేసే కండరాలకు మళ్లుతుంది. కడుపు నిండా తిని పరుగెత్తరాదని పెద్దలు చెప్పడంలోని అంతరార్థం ఇదే. కండరాల్లో పుట్టిన వేడిని చెమట వెలుపలికి పంపుతుంది.

కండరం కదలడానికి నేరుగా ఉపయోగపడే ఇంధనం ఏటీపీ అనే పదార్థం. కండరంలో దాని నిల్వ రెండు మూడు సెకన్లకు మాత్రమే సరిపోతుంది. దానిని వెంటనే తిరిగి నింపే ఫాస్ఫోక్రియేటిన్ కూడా సుమారు పది సెకన్లలో తరిగిపోతుంది. ఆ తరువాత చక్కెరను విడగొట్టి శక్తి పొందాలి. దూరం పెరిగేకొద్దీ ప్రాణవాయువుతో ఇంధనాన్ని దహించే మార్గమే ప్రధానమవుతుంది. 1600 మీటర్ల పరుగులో గెలుపోటములను ఎక్కువగా నిర్ణయించేది ఈ చివరి మార్గమే.

భీమవరం బిడ్డ చూపిన రహస్యం

ఈ రహస్యాన్ని లోకానికి తెలియజేసినవారిలో ఒక తెలుగువాడు ఉండటం మనకు గర్వకారణం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియేటిన్‌ను వెల్లడించారు. కండరం పనిచేస్తున్నప్పుడు ఈ పదార్థం తరిగిపోవడాన్ని, విశ్రాంతి లభించినప్పుడు తిరిగి ఏర్పడటాన్ని వారు గమనించారు. 1929లో ఏటీపీని కూడా వారు గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా దానిని కనుగొన్నారు. కండరాల సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి అభిప్రాయం ఈ పరిశోధనల ముందు నిలవలేకపోయింది.

శ్రమలో ఖర్చయినది విశ్రాంతిలోనే కూడుతుంది. కండరంలోని ఒక్క పదార్థం విషయంలో కనిపించిన ఈ సూత్రం యావత్తు దేహానికీ వర్తిస్తుంది. వ్యాయామం శరీరాన్ని బలపరచదు, బలపడమని ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది. ఆ ఆజ్ఞను శరీరం నిద్రలో, ఆహారంతో, విరామంలో అమలు చేస్తుంది.

ఒక్కో అవయవానికి ఒక్కో గడువు

అన్ని భాగాలూ ఒకే వేగంతో మారవు. క్రమంగా వ్యాయామం చేసేవారిలో తొలి వారం, రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. ఎండకు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం చాలావరకు నాడీవ్యవస్థ నేర్చుకున్న నేర్పే తప్ప కండరం పెరగడం వల్ల వచ్చినది కాదు. కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా, సన్నని రక్తనాళాలు వృద్ధి చెందడానికి మరికొన్ని వారాలు కావాలి. ఎముక పాత భాగాన్ని తొలగించి కొత్త భాగాన్ని నిర్మించుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. కండరాన్ని ఎముకకు బిగించే పట్టీలు కూడా నెమ్మదిగానే గట్టిపడతాయి.

ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. నెల తిరిగేసరికి ఊపిరి కుదురుతుంది, ఉత్సాహం పెరుగుతుంది, ఎముక మాత్రం ఇంకా సిద్ధం కాదు. గుండె సరేనన్న వేగాన్ని ఎముక భరించలేక సన్నగా చిట్లుతుంది. మరునాడు కలిగే కండరాల నొప్పికి లాక్టిక్ ఆమ్లం కారణమని పలువురు భావిస్తారు. ఆ ఆమ్లం గంట, రెండు గంటల్లోనే తొలగిపోతుంది. అలవాటు లేని శ్రమ వల్ల కండర పోగులకు కలిగిన సూక్ష్మ గాయాలే ఆ నొప్పికి మూలం.

పొలం పని చేసేవారికి పరుగు సులభమేనా?

కంది చేనులో పగలంతా పనిచేసే యువకుడు నాలుగు నిమిషాల పరుగుకే రొప్పడం చూసి పెద్దలు ఆశ్చర్యపోతారు. శరీరం తాను చేసే పనికే అలవాటు పడుతుంది. వంగి కలుపు తీసే ఓపిక వేరు, వేగంగా పరుగెత్తే ఓపిక వేరు. పైగా పగలంతా పొలంలో శ్రమించినవానికి ఉదయపు పరుగు అదనపు భారమవుతుంది. కోతల రోజుల్లో పరుగు తగ్గించుకోవడం సోమరితనం కాదు, వివేకం.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరినప్పుడు ఆమెకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు. ఆమె మొదట భువనగిరి కొండ వద్ద, ఆపై డార్జిలింగ్‌లో, లడఖ్‌లో అంచెలంచెలుగా శిక్షణ పొందింది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. శ్వాసను, రక్తాన్ని దానికి తగినట్టు మార్చుకోవడానికి శరీరానికి వారాలు కావాలి. ఎంతటి ధైర్యశాలికైనా ఈ గడువు తప్పదు.

పాటించవలసినవి

పరీక్షకు కనీసం నాలుగు నెలల ముందే సాధన మొదలుపెట్టాలి. తొలి వారాల్లో నడకను, మెల్లని పరుగును కలిపి చేయాలి. దూరాన్ని, వేగాన్ని ఒకేసారి పెంచరాదు. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి విరామం ఇవ్వాలి. రాత్రి నిద్ర తగ్గకూడదు. జొన్న రొట్టెతో పాటు పప్పు, పాలు, వీలైతే గుడ్లు తీసుకోవాలి. వేసవిలో ఎండ ముదరక ముందే సాధన ముగించాలి.

ఎముకపై ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి కలిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, మూత్రం నల్లగా వచ్చినా పరుగు ఆపి వైద్యుని వద్దకు వెళ్లాలి. ఎండలో పరుగెత్తినవాడు తడబడుతూ మాట్లాడితే వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు పోస్తూ ఆసుపత్రికి తరలించాలి.

ఇంట్లోని పెద్దలకూ ఈ శాస్త్రం ఉపకరిస్తుంది. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను గ్రహించగలదు. అందుకే మధుమేహం ఉన్నవారికి రోజూ నడక అవసరం. మందులు వాడేవారు మాత్రం వైద్యుని అడిగి మొదలుపెట్టాలి.

విత్తనం వేసిన మరునాడే కంకి కోయాలని ఏ రైతూ ఆశించడు. పొలానికి ఇచ్చే గడువును బిడ్డ దేహానికీ ఇవ్వగలిగితే, ఆ పరుగు గమ్యం చేరే అవకాశం పెరుగుతుంది.