గ్రహణం చూడటానికి టెలిస్కోపు మోసుకుంటూ దూరం ఎందుకు పోతారు?

సెలవులకు అందరూ బట్టలు సర్దుకుంటే కొందరు టెలిస్కోపు సర్దుకుంటారు. సూర్యగ్రహణం మన ఆర్మూరు మేడ మీంచి కనిపించదా? చాలాసార్లు కనిపిస్తుంది, కానీ సగం కొరికిన సూర్యుడే! 1980 ఫిబ్రవరి 16న జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ దగ్గర పట్టపగలే చీకటి పడింది. ఆర్మూరులో మాత్రం సూర్యుడు పూర్తిగా మూసుకోలేదు.

ఎందుకంటావా? మార్కెట్ యార్డులో ఒక పసుపు దుంప తీసుకో (అడిగే తీసుకో!). ఎండలో నేలకు దగ్గరగా పట్టుకుంటే నీడ చిక్కగా పడుతుంది. మెల్లగా పైకెత్తు. నడిమి నలుపు చిన్నదవుతుంది, చుట్టూ పలచని నీడ పరుచుకుంటుంది. గ్రహణమప్పుడు ఆ దుంపలాగే సూర్యుడికి అడ్డొచ్చే చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అందుకే ఆయన చిక్కటి నీడ భూమిని చేరేసరికి మహా అయితే రెండు మూడు వందల కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. ఆ నీడ సాగే దారిలో ఉన్నవాళ్లకే సంపూర్ణ గ్రహణం, అదీ కొద్ది నిమిషాలే.

ఆ కొద్ది నిమిషాల కోసమే జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్స్ నుంచి గుంటూరు వచ్చాడు. అది 1868 ఆగస్టు 18. ఆ గ్రహణంలో సూర్యుడి అంచు కాంతిని విడదీసి చూసినవాళ్లకు ఒక పసుపు గీత కనిపించింది. తర్వాత తేలింది, అది హీలియం అని! మన బెలూన్లలో నింపే వాయువే.

నువ్వూ వెళ్తావా? టెలిస్కోపు ముందు భాగానికి సూర్యుణ్ని చూసే ఫిల్టరు బిగించకుండా మాత్రం కన్ను పెట్టకు.